డాక్టరమ్మ కారు టాపు

తప్పు చేస్తే ఒప్పుకునే మనిషినని నా గురించి నేను అనుకునేవాణ్ణి. నాగర్‌కర్నూలులో ఒక పాత కారుకు బట్ట టాపు బిగించేదాకా అలాగే అనుకున్నాను.

గద్వాలలో రాయచూరు రోడ్డు మీద నాకు చిన్న షాపు ఉంది. సీటు కవర్లు, జీపు టాపులు, ఆటో హుడ్లు కుడతాను. మా ఇంట్లో అందరూ నేతగాళ్లు. నాన్న, అన్న ఇప్పటికీ చీరలు నేస్తారు. నాకు మాత్రం మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే ఊపిరాడేది కాదు. డిగ్రీ తప్పాక ఇంట్లో పోట్లాడి వనపర్తి వెళ్లిపోయి, అక్కడ సీట్లు కుట్టే ఉస్తాద్ దగ్గర చేరాను. ఏడేళ్లు ఆయన పక్కన కూర్చున్నాను. రెగ్జీన్ కొయ్యడం, మడత పెట్టడం, వంపు తిరిగే చోట బట్ట ముడత పడకుండా లాగడం, ఏదైనా ఆయన దగ్గర వచ్చిందే. నేను గద్వాలలో షాపు తెరిచిన రోజు ఆయనే వచ్చి రిబ్బన్‌ను తన కత్తెరతో కత్తిరించి, ఆ కత్తెర నా చేతిలో పెట్టి పోయాడు.

పోయినేడు ఎండాకాలంలో ఆయన ఫోన్ చేశాడు.

"బిడ్డా, నాగర్‌కర్నూల్ డాక్టరమ్మ కారు గురించి జెప్తుంటి, యాదికున్నదా? పైన బట్ట టాపు ఉంటది సూడు, గది."

"యాదికున్నది ఉస్తాద్."

"ఆ కారును మల్ల కొత్తగ జేపిస్తున్నది ఆమె. టాపు నన్నే కుట్టమంటున్నది. కుట్టుడు నేను గుడత. ఎక్కుడు, దిగుడు, వొంగి బిగిచ్చుడు ఇగ నాతోని గాదు. నా దగ్గర నేర్సుకున్న పిలగాడున్నడు, మంచిగ బిగిస్తడని జెప్పిన. రావాలె మల్ల."

నాకు నలభై దాటాయి. ఆయనకు నేను ఇప్పటికీ పిలగాణ్ణే. ఆ పని నాకు ఆయన ఇప్పించిందే అని ఇక్కడే చెప్పి పెట్టాలి.

డాక్టరమ్మ ప్రభుత్వ దవాఖానలో పనిచేసి ఎప్పుడో రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, బదిలీ మీద దూరం పోతున్న ఒక డాక్టరు అమ్మితే ఆ కారు కొన్నారట. ఇంగ్లండులో తయారైన చిన్న కారు, లేత నీలం రంగు. పైకప్పులో నడిమి భాగం రేకు కాదు, మందపాటి బట్ట. ముందున్న పిడి తిప్పి వెనక్కి తోస్తే బట్ట మడతలు పడుతూ వెనక సీటు దాకా పోతుంది. లోపల కూర్చున్నవాళ్లకు ఆకాశం కనిపిస్తుంది. ఆ కారు నడుపుకుంటూనే ఆమె తెలకపల్లి చుట్టుపక్కల ఊళ్లకు కాన్పులకు పోయేవారు. ఒకసారి కాన్పు కష్టమై ఒకామెను కారులో ఎక్కించుకుని వస్తుంటే, ఆమె భర్త టాపులోంచి నడుము దాకా బయటికి లేచి, సెలైన్ సీసా పైకెత్తి పట్టుకుని దవాఖాన దాకా నిలబడే వచ్చాడట. "తల్లి, బిడ్డ మంచిగున్నరు. ఆయనకే రెండు దినాలు చెయ్యి కిందికి దిగలే" అని డాక్టరమ్మ నవ్వుతూ చెప్పారు.

ఇంజను పని, రంగు హైదరాబాదులో చేయించారు. టాపు కింద ఉండే ఇనుప చట్రానికి తుప్పు గీకించి కొత్తగా నల్ల రంగు వేయించారు. బట్ట మాత్రం పెళుసెక్కి, పట్టుకుంటే అప్పడంలా విరుగుతోంది. అది నలభై ఏళ్ల కిందట మా ఉస్తాద్ కుట్టిందే.

వనపర్తిలో ఆయన ఇంటి అరుగు మీదే కుట్టు పని జరిగింది. పాత బట్ట కుట్లన్నీ విప్పి, ముక్కలను కొత్త బట్ట మీద పరిచి, సుద్దతో గీశాడు. పాత ముక్కలో ఒకచోట సూది రంధ్రాలు వంకరగా పోయి ఉన్నాయి. అది నాకు చూపించి నవ్వాడు.

"ఈడ జూడు. ఆ దినం తొందరపడ్డ. పెండ్లికి పోయేదుండె. నలభై ఏండ్లు ఎవ్వలు కనిపెట్టలే. నాకైతె ఎరుకనే."

ఆయన ఎడమ కంట్లో అప్పటికే పొర కమ్మింది. సూదిలో దారం ఆయన భార్య ఎక్కించి ఇచ్చేది. కానీ కుట్టు కుట్టుకూ బొటనవేలి గోరు పెట్టి జరుపుతూ చూసుకునేవాడు. ఎక్కడైనా పోగు ఎత్తుగా తగిలితే అక్కడిదాకా విప్పి మళ్లీ కుట్టేవాడు. రెండు పొరల మధ్య నీళ్లు దిగకుండా దారానికి మైనం పట్టించాడు. వారం రోజులు పట్టింది. బట్టను చుట్టగా చుట్టి, పాత దుప్పట్లో కట్టి బస్సెక్కించాడు. నేను దాన్ని ఒళ్లో పెట్టుకుని నాగర్‌కర్నూలు పోయాను.

డాక్టరమ్మ ఇంటి పక్కన రేకుల షెడ్డులో కారు ఉండేది. బిగించడానికి మూడు రోజులు పట్టింది. ముందు చట్రాన్ని కారుకు ఎక్కించి, అడ్డ కమ్మీలు రెండూ తేలిగ్గా జరిగేదాకా నూనె పెట్టి ఆడించాను. తరవాత ముందు అంచు, ఆ తరవాత పక్కలు, చివరికి వెనక అంచు బిగించాలి. డాక్టరమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని చూసేవారు. మధ్యమధ్య మజ్జిగ ఇచ్చేవారు. "తొందరేం లేదయ్యా, నిమ్మలంగ జెయ్యి" అని ఆమె నాలుగైదు సార్లు అన్నట్టు గుర్తు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ చట్రం చుట్టూ సన్నటి కాలువ ఉంటుంది. బట్ట కిందికి ఏ కాస్త నీళ్లు దూరినా ఆ కాలువలోకి చేరి, నాలుగు మూలల్లో ఉన్న రంధ్రాల్లోంచి గొట్టాల గుండా చక్రాల దగ్గర నేల మీదికి కారిపోతాయి. బట్టను అంటించే సొల్యూషన్ పూసేటప్పుడు అది ఆ రంధ్రాల్లోకి పోయి గడ్డకట్టకూడదు. అందుకని వాటిలో గుడ్డ పేలికలు కుక్కి, పని అయ్యాక తీసేస్తాం. నేను నాలుగు పేలికలు కుక్కాను. మా ఆవిడ పాత చీర చింపి షాపులో వాడుకుంటున్న పసుపు గుడ్డ అది.

మూడో రోజు మధ్యాహ్నానికల్లా ముందు మూలల్లోని రెండు పేలికలూ తీశాను. వెనక అంచు బిగించబోతుంటే డాక్టరమ్మ మేనల్లుడు వచ్చాడు. నా ఈడువాడే. హైదరాబాదు నుంచి కారు చూడ్డానికి వచ్చాడు.

"అన్నా, టాపు తెరిచి మూసేది వీడియో తీస్త. ఇసొంటి పని ఇప్పుడు ఎవ్వలు జేస్తలేరు. మంచిగ పోతది" అన్నాడు.

"పది నిమిషాలు ఆగు" అని, వెనక అంచు గబగబా బిగించేశాను. పంపు దగ్గరికి పోయి ముఖం కడుక్కున్నాను. చొక్కా దులుపుకుని, కారు అద్దంలో చూసి తల దువ్వుకున్నాను. అతను ఫోన్ పట్టుకుని నిలబడితే పిడి తిప్పి టాపు వెనక్కి తోశాను. ఒక్క ముడత లేకుండా మడత పడింది. మళ్లీ లాగి మూశాను. ఎండలో నల్లగా మెరిసింది. డాక్టరమ్మ చప్పట్లు కొట్టారు.

"ఎవరు కుట్టిన్రన్నా ఇది?" అని అతను వీడియోలోనే అడిగాడు.

"మనమే" అన్నాను.

ఇప్పుడు వింటే ఆ ఒక్క మాట దగ్గర నాకు వీడియో ఆపేయాలనిపిస్తుంది. మనమే అంటే నేనూ ఉస్తాదూ అని కూడా అర్థం చెప్పుకోవచ్చు. నేను ఆ అర్థంతో అనలేదు.

ఆ వీడియో నిజంగానే పోయింది. కర్నూలు నుంచి, మహబూబ్‌నగర్ నుంచి, రాయచూరు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. పాత జీపులున్నవాళ్లు, పాత కార్లు కొని దాచుకున్నవాళ్లు షాపు వెతుక్కుంటూ వచ్చారు. టీ హోటల్లో జనం నన్ను గుర్తుపట్టి పలకరించారు. ఉస్తాద్ కూడా ఎవరి ఫోన్లోనో చూశాడు. "మంచిగొచ్చింది బిడ్డా. మూల మీద బట్ట మంచిగ గుంజినవ్" అన్నాడు. తన మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మిరుగం కార్తె వచ్చిన వారానికి పెద్ద వాన కొట్టింది. మర్నాడు పొద్దున డాక్టరమ్మ ఫోన్ చేశారు. అప్పుడు షాపులో కర్నూలు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. ఆ వీడియో చూసి వచ్చినవాడే. నా ఫోన్లో మాట బయటికి బాగా వినిపిస్తుంది.

"ఏమయ్యా, కారు లోపట అంత నీళ్లయినయి. నిన్న గేటు కాడ ముంగటి దిక్కు ఎత్తుగ నిలబెట్టి ఉండె. వెనక సీటు మొత్తం తడిసింది. వెనక కుట్టు కాడికెల్లే కారుతున్నట్టుంది" అన్నారు ఆమె.

కర్నూలాయన నా వైపే చూస్తున్నాడు. నేను వెంటనే అన్నాను.

"అమ్మా, బిగిచ్చుడైతే నేను పక్కాగ బిగిచ్చిన. కుట్టు ఉస్తాద్‌ది. పెద్దాయనకు కన్ను మసకేసింది. కుట్టు తప్పి ఉంటది."

"అయ్యో, కన్ను బాగలేదని నాతోని అననే లేదు ఆయన" అన్నారు డాక్టరమ్మ. రేపు వచ్చి చూస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. అప్పటికి నేను అబద్ధం ఆడుతున్నానని నాకు తెలియదు. అలాగే జరిగి ఉంటుందనే నమ్మాను. కానీ అంత తొందరగా, చూడకుండానే, ఆయన మీదికి ఎందుకు తోశానో అప్పుడైనా ఆలోచించాల్సింది.

మర్నాడు నాగర్‌కర్నూలు పోయి కారు చూశాను. వెనక అంచు విప్పి బట్ట పైకెత్తగానే కాలువ నిండా నీళ్లు కనిపించాయి. మూలన వేలు పెడితే మెత్తగా తగిలింది. పటకారుతో పట్టి లాగితే పసుపు పేలిక బయటికొచ్చింది, నీళ్లు తాగి ఉబ్బి ఉంది. అది రాగానే నీళ్లు గుడగుడమంటూ గొట్టంలోకి దిగి చక్రం పక్కన నేల మీద పడ్డాయి. రెండో మూల నుంచి రెండోది లాగాను. ఉస్తాద్ కుట్టు మీద గోరు జరిపి చూశాను. ఎక్కడా ఒక్క పోగు లేవలేదు. లోపలి వైపు చేయి పెట్టి చూస్తే కుట్టు దగ్గర పొడిగా ఉంది.

పేలికలు రెండూ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. అంతలో డాక్టరమ్మ టీ తీసుకుని వచ్చారు.

"దొరికిందా?"

పేలికలను గుప్పిట్లోకి ముడిచాను. ఆ చేతిని ప్యాంటు జేబులో పెట్టుకున్నాను.

"దొరికిందమ్మా. కుట్టు కాడ జర సందుండె. మూస్తున్న."

ఆమె లోపలికి పోయాక డబ్బా తెరిచి, ఏ తప్పూ లేని ఆ కుట్టు పొడవునా సొల్యూషన్ పూశాను. బాగు చేసినట్టు కనిపించాలి కదా. మొదట ఫోన్లో అన్నది తెలియక అన్నదని చెప్పుకోవచ్చు. ఇది తెలిసి చేసింది. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ జేబులోని తడి తొడకు తగులుతూనే ఉంది. వనపర్తి దాటాక కిటికీలోంచి వాటిని విసిరేశాను. అంతకు ముందు వనపర్తిలో బస్సు పది నిమిషాలు ఆగింది. ఉస్తాద్ ఇల్లు బస్టాండుకు దగ్గరే. నేను దిగలేదు.

నాలుగు రోజుల తరవాత ఉస్తాద్ ఫోన్ చేశాడు.

"డాక్టరమ్మ మాట్లాడింది బిడ్డా. పాపం, కోపం జెయ్యలే. కన్ను జూపిచ్చుకోమన్నది, ఆపరేషన్‌కు ఆమెనే రాసిస్తనన్నది. కుట్టు తప్పిందంట గద. నాకు తెల్వకపాయె. నీకు ఇప్పుడిప్పుడే పేరొస్తుండె, నా తప్పుతోని నీకు మాట దెచ్చిన. ఏమనుకోకు."

ఆయన నాకు క్షమాపణ చెబుతున్నాడు. నేను ఏమన్నానో రాయడానికి చేయి రావడం లేదు. "పోనీలే ఉస్తాద్, అయితుంటయి" అన్నాను.

ఆ వారమే ఒక ట్రాలీ ఆటో మా షాపు ముందు ఆగింది. అందులో ఆయన మిషన్ ఉంది. మందపాటి తోలూ గోనె కూడా కుట్టే పాత బరువు మిషన్. దాని మీదే నేను పని నేర్చుకున్నాను. దించుకోవడానికి నలుగురం కావాల్సి వచ్చింది. ఆయనకు ఫోన్ చేస్తే, "ఇగ నేను కుట్ట బిడ్డా. ఇంట్ల ఉంటె మనసు దాని దిక్కే గుంజుతది. నీకాడ ఉంటె పనిల ఉంటది" అన్నాడు. కొన్నాళ్లు దాని మీద గుడ్డ కప్పి మూలన పెట్టాను. తరవాత రాయచూరు జీపు టాపు పని వచ్చింది. నా మిషన్ ఆ మందాన్ని లాగలేకపోయింది. గుడ్డ తీసి దాని మీదే కుట్టాను. కుట్టు చాలా బాగా వచ్చింది. కుట్టించుకున్నాయన మెచ్చుకుంటే తల దించుకుని దారాలు కత్తిరిస్తూ కూర్చున్నాను.

మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఎందుకు ఈ మధ్య ఊరికే కోపం చేస్తున్నావని అడిగితే పని ఎక్కువైందన్నాను.

వానలు తగ్గాక డాక్టరమ్మ చొరవతో ఉస్తాద్ కంటికి ఆపరేషన్ అయింది. పండ్లు తీసుకుని చూడ్డానికి పోయాను. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని, "గోడ మీద బల్లి గూడ గనపడుతుంది బిడ్డా" అని సంబరపడ్డాడు. అప్పుడు నాకు నేను ఒక సమాధానం చెప్పుకున్నాను. నేను ఆ మాట అనకపోతే డాక్టరమ్మకు తెలిసేది కాదు, ఈయన ఆపరేషన్ చేయించుకునేవాడు కాదు, నా వల్ల మంచే జరిగింది అని. రెండు మూడు వారాలు ఆ సమాధానంతో నిద్రపోయాను.

చలికాలంలో ఆయన మళ్లీ ఫోన్ చేశాడు.

"బిడ్డా, ఒక దినం నాగర్‌కర్నూల్ పోదామా? ఆ కుట్టు ఒకసారి జూడాలె. యాడ తప్పిన్నో కండ్లతోని జూస్తె మనసు నిమ్మలమైతది."

"ఇప్పుడెందుకు ఉస్తాద్, బాగైంది గద" అన్నాను. వచ్చే వారం అన్నాను. పని ఉందన్నాను. మా అన్న కొడుకు పెళ్లి చూపులన్నాను. మూడోసారి ఆయన, "నువ్వు రాకున్న మంచిదే, నేను పోత. బస్సెక్కితె ఎంతసేపు" అన్నాడు. ఒక్కణ్ణే పోనివ్వడానికి ధైర్యం చాలలేదు. వనపర్తి బస్టాండులో ఆయన్ను కలిసి ఇద్దరం నాగర్‌కర్నూలు బస్సెక్కాం.

ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. దారి పొడవునా షాపుల బోర్డులు పైకి చదువుతూనే ఉన్నాడు. విత్తనాల దుకాణం, చికెన్ సెంటరు, ట్రాక్టరు రిపేరు, ఏదీ వదల్లేదు. చదివిన ప్రతిసారీ నా వైపు తిరిగి నవ్వుతున్నాడు. ఇప్పుడే చెబుదాం, ఈ ఊరు దాటాక చెబుదాం అనుకుంటూ నేను పక్కనే కూర్చున్నాను. బస్సు దిగాం. ఆటో ఎక్కాం. డాక్టరమ్మ గేటు తీశారు. నేను చెప్పలేదు.

షెడ్డులో ఆయన చెప్పులు విడిచి కారు దగ్గరికి పోయాడు. టాపు మీద అరచేయి ఆనించి ముందు నుంచి వెనక దాకా నిమిరాడు. వెనక కుట్టు దగ్గర వంగి, గోరు పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు.

"ఈడ సొల్యూషన్ ఎందుకు బూసినవ్?"

ఆయన ఆ కొస నుంచి మళ్లీ ఈ కొసకు వచ్చాడు. జేబులోంచి భూతద్దం తీశాడు. అది కూడా తెచ్చుకున్నాడు. కారు లోపలికి దూరి, వెనక సీటు మీద మోకాళ్లు పెట్టి, లోపలి వైపు నుంచి చూశాడు. బయటికి వచ్చి మూడోసారి మొదలుపెట్టాడు. డాక్టరమ్మ ఆయనకు నీళ్లిచ్చారు. ఆయన గ్లాసు పట్టుకుని ఆమె వైపు తిరిగాడు.

"అమ్మా, కన్ను ఇంక కుదురుకోలేదేమో. నాకు తప్పు గనపడుత లేదు. ఇంకొక దినం జూపిచ్చుకోవాల్నా?"

అది విన్నాక నాకు ఇంక దాచడం చాతకాలేదు.

"ఉస్తాద్, నీ కన్ను మంచిగనే ఉన్నది. కుట్ల తప్పు లేదు" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. మొత్తం చెప్పాను. పేలికల సంగతి, వీడియో సంగతి, జేబులో పెట్టుకున్న సంగతి, మంచి కుట్టు మీద సొల్యూషన్ పూసిన సంగతి. ఎవరూ నన్ను ఆపలేదు, సాయమూ చేయలేదు.

ఉస్తాద్ నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఎన్ని పేలికలు వెట్టినవ్?"

"నాలుగు."

"ఎన్ని తీసినవ్?"

"రెండు."

"పేలికకు దారం గట్టి బయటికి ఏలాడెయ్యాలని జెప్పలేదా నీకు?"

"చెప్పినవ్ ఉస్తాద్."

ఆయన తల ఊపాడు. ఇంకేదో అంటాడని చూశాను. కారు వైపు తిరిగి, భూతద్దం చొక్కా అంచుతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడన్నాడు, నాతో కాదు, టాపుతో అన్నట్టు.

"ఆర్నెల్లు నా చెయ్యిని నేను నమ్మకపోతి."

డాక్టరమ్మ నన్ను క్షమించలేదు, ఆ రోజయితే కాదు. "నేను ఫోన్ జేసి పెద్దమనిషికి ఏం జెప్పిన్నో నీకెరుకనా? వయసైంది, ఇగ సూది పనులు మానుకోమన్న. ఒక డాక్టరు జెప్పిన మాటని ఆయన నమ్మిండు. నా నోటితోని అనిపిచ్చినవ్ ఆ మాట" అన్నారు. ఆమె గొంతు పెద్దది కాలేదు. నాకు అన్నం పెట్టారు. ఉస్తాద్‌కు ఎదురుగా కూర్చుని తిన్నాను, ఏం తిన్నానో తెలియదు.

తిరుగు బస్సులో ఆయన పక్కన ఖాళీ ఉన్నా నేను వెనక సీట్లో కూర్చున్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు, బోర్డులు చదవలేదు. వనపర్తిలో దిగేటప్పుడు నా దగ్గర ఆగి, "మిషన్ పంపు" అని దిగిపోయాడు.

అంతకు ముందు నన్ను అంతగా భయపెట్టిన సంగతి, బయటపెట్టాక చాలా చిన్నదైపోయింది. షాపుకు వచ్చిన కర్నూలాయనకు, రాయచూరాయనకు ఫోన్ చేసి, ఆ టాపు కుట్టింది నేను కాదు, మా ఉస్తాద్ అని చెప్పాను. నీళ్లు కారడం నా తప్పేనని కూడా చెప్పాను. ఒకాయన "అయితే ఏంది, మా పని మంచిగ జేసినవ్ గద" అన్నాడు. ఇంకొకాయన ఉస్తాద్ నంబరు అడిగాడు. ఎవరూ నన్ను వదిలిపోలేదు. వదిలిపోతారనే కదా ఒక మనిషిని ఆరు నెలలు ఖాళీగా కూర్చోబెట్టాను. డాక్టరమ్మ మేనల్లుడు ఇంకో వీడియో తీస్తానన్నాడు. ఉస్తాద్ వద్దన్నాడు.

మిషన్‌ను నేనే ట్రాలీ ఆటోలో వేసుకుని, దాని పక్కనే కూర్చుని వనపర్తి పోయాను. అరుగు మీద దాని పాత చోటు అలాగే ఖాళీగా ఉంది. దించాక ఆయన నూనె వేసి, బెల్టు సరిచూసి, సూదిలో దారం తానే ఎక్కించుకున్నాడు. గోనె ముక్క ఒకటి పెట్టి జానెడు కుట్టి, గోరు జరిపి చూసుకున్నాడు. మళ్లీ కుట్టాడు.

ఇప్పుడాయన మళ్లీ పనిలో ఉన్నాడు. మధ్యాహ్నం దాకా కుడతాడు. రాయచూరాయన జీపు సీట్లు ఆయన దగ్గరే చేయించుకున్నాడు. నేను నెలకోసారి పోయి వస్తాను. పలకరిస్తాడు, టీ తెప్పిస్తాడు, పని గురించి అడిగితే చెబుతాడు. బిగించే పని వస్తే మాత్రం వనపర్తిలోనే ఇంకెవరినో పిలుచుకుంటున్నాడు. ఎందుకని నేను అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు.

మిషన్ దించిన రోజు ఆయన భార్య నాకు మంచినీళ్లు ఇస్తూ ఒక మాట అంది. ఆమెకు నా మీద కోపం ఉన్నట్టు లేదు. మామూలుగా, ఊరి ముచ్చట చెప్పినట్టు చెప్పింది.

"ఈ ఆర్నెల్లు అంగీ గుండీ ఊడితే గూడ సూది ముట్టలే బిడ్డా ఈయన. నాకే ఇచ్చి, జర నువ్వు కుట్టిపెట్టు, నేను కుడితె మల్ల ఊడుతదేమో అనేటోడు."

నేను నీళ్లు తాగి గ్లాసు ఆమెకిచ్చాను. అరుగు మీద మిషన్ నడుస్తూనే ఉంది. వస్తానని చెప్పి, అరుగు దిగి, బస్టాండు దాకా నడిచిపోయాను.